పదునాలుగేండ్ల గీత

(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ముంబయినుండి అహమ్మదాబాదునకు పోవు రైలుమార్గమున, సూరతు ఇక కొద్ది దూరములో నున్నదనగా, సచిన్ స్టేషను దాటిన పిదప భేస్తాన్ అను చిన్న స్టేషను వచ్చును. దాని తరువాతిది ఉధ్నా, ఆపైన సూరతు. మెయిలు బండిలో పోవువాడు పలకమీది పేరు కూడబలుకుకొనులోపలనే అది వెనుకబడిపోవును. ఒకప్పుడది నగరమునకు వెలుపలి గ్రామము. నేడు సూరతు మహానగరపాలక సంస్థ హద్దులలోనిది. దాని సమీపముననే పాండేసరా, ఉధ్నా, సచిన్ పారిశ్రామిక వాడలున్నవి. ఆ ప్రాంతమున మరమగ్గముల చప్పుడు రాత్రి యని లేదు, పగలని లేదు.

ఆ మగ్గములయొద్దను, అద్దకపు మిల్లులయందును పనిచేయువారు పలుదేశములవారు. గంజాం జిల్లానుండి వచ్చిన ఒడియావారున్నారు. ఖాందేశమునుండి వచ్చిన మరాఠీవారున్నారు. ఉత్తరప్రదేశ్, బీహారు రాష్ట్రములవారున్నారు. కరీంనగరము, సిరిసిల్ల, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి వలసవచ్చిన మన పద్మశాలి కుటుంబములవారును వేలాదిగ నున్నారు. సూరతులో తెలుగు వినవలెనన్న లింబాయత్ పేటకు పోవలెనని చెప్పుదురు గాని, ఇప్పుడు నగరపు దక్షిణ భాగమున నెక్కడ నిలుచున్నను తెలుగుమాట ఒకటి చెవినిపడక మానదు. నగర ప్రాథమిక విద్యా సమితి ఏడు భాషలలో బడులు నడుపుచున్నది: గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషు, తెలుగు. గుజరాతు గడ్డమీద ఒక నగరపాలక సంస్థ తెలుగుబడి నడుపుచున్నదన్న సంగతి మన రాష్ట్రములవారిలో ననేకులెరుగరు.

ఈ ప్రాథమిక శిక్షణ 8వ తరగతితో ముగియును. 9వ తరగతినుండి ఉన్నత పాఠశాల. అచ్చట చాలమంది తెలుగు పిల్లలకు బోధనభాష మారును. ఎనిమిదేండ్లు తెలుగులో లెక్కలు చేసిన బాలుడు ఒక్క వేసవి సెలవులు గడచునప్పటికి అవే లెక్కలను హిందీలోనో గుజరాతీలోనో వినవలసి వచ్చును. తరగతి గదిలో వాడు నోరు మెదపడు. తెలివిలేక కాదు, మాట తడుముకొనుటకు సిగ్గుపడి. అట్టి బాలుడు సాయంకాలము నాలుగు సున్నపు గీతలమధ్య నిలిచి, గొంతెత్తి, అడ్డులేకుండ పలుకు మాట ఒక్కటి కలదు. అది "కబడ్డీ".

ఈ ఆటకు మనలో చెడుగుడు అని పేరు. మహారాష్ట్రులు హుతూతూ అనిరి. వంగదేశమువారు హాడుడు అనిరి. ఎవరి కూత వారిది. 1923లో బరోడాలోని హింద్ విజయ జింఖానా నియమావళిని ముద్రించి, ఆ నియమములతో అఖిల భారత పోటీ నడపెను. ఆ బరోడా, నేటి వడోదర, సూరతునకు ఉత్తరముగా రైలుమీద కొద్ది గంటల దూరమే. 1936లో అమరావతి హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు బెర్లిను నగరమున ఒలింపిక్కు క్రీడల సందర్భమున ఈ ఆటను ప్రదర్శించిరి. కాలక్రమమున కూతకు ఒకే మాట స్థిరపడినది. కూతకు పోవువాడు ఆ మాటను స్పష్టముగ, ఎడతెగక, ఒకే ఊపిరిలో పలుకవలెను. దానికి ఒత్తులు దిద్దువాడు లేడు, వ్యాకరణము సరిచూచువాడు లేడు. ఊపిరి నిలిచినదా, తెగినదా అన్నదే ప్రశ్న. ఒడియా బాలుడు, మరాఠీ బాలుడు, తెలుగు బాలుడు చేతులు పట్టుకొని గొలుసుకట్టి నిలిచినప్పుడు వారి జట్టునకు భాషాసమస్య లేదు. ఎనిమిదవ షెడ్యూలును గూర్చి మన కార్యాలయములలో నడచిన ఫైళ్ళన్నియు ఒకవైపు, ఈ గొలుసొకవైపు!

నేటి పిల్లలకీ ఆట మోటాటగా కనిపించుటలేదు. 2014లో ప్రొ కబడ్డీ లీగు ఆరంభమైనది. అప్పటినుండి తెలుగు టైటన్స్ జట్టున్నది. 2017లో గుజరాతు జట్టును చేరినది. ఈ రెండు జట్లు తలపడిన రాత్రి సూరతులోని తెలుగింట తండ్రి ఒకవైపు, సూరతులోనే పుట్టిన కుమారుడు మరియొకవైపు కూర్చుండుట వింత కాదు.

పాఠశాల జట్టు పోటీలకు పోవు మార్గము మెట్లు మెట్లుగ నుండును. గుజరాతు ప్రభుత్వము 2010లో ఖేల్ మహాకుంభ్ అను పేర ఆరంభించిన పోటీలలో ప్రారంభము పాఠశాలయందే. ఆపైన తాలూకా, జిల్లా, రాష్ట్రము. వేరుగా, 1954లో ఏర్పడిన భారత పాఠశాల క్రీడల సమాఖ్య పోటీలు గలవు. వానిలో 14 ఏండ్లలోపు, 17 ఏండ్లలోపు, 19 ఏండ్లలోపు అని మూడు శ్రేణులు. ఈ సభలో తలపండినవారికి గ్రిగ్ పోటీలు జ్ఞాపకముండును. మద్రాసు రాజధానిలో విద్యాశాఖ నేలిన హెచ్. బి. గ్రిగ్ దొర పేర వెలసిన పోటీలవి. ఆ దొర ఎవరో తెలియకయే కృష్ణా, గోదావరీ మండలముల పిల్లలు "గ్రిగ్గుకు పోవుచున్నాము" అని గర్వముగ చెప్పుకొనిరి. పొరుగూరి హైస్కూలు ఆవరణలో బెంచీలు జరిపి పరచుకొన్న పక్కలు, అరటియాకులో పులిహోర, ఓడి తిరిగివచ్చునపుడు బస్సులో ఎవ్వరును మాటలాడకపోవుట, ఇవన్నియు కలిసి గ్రిగ్గు. భేస్తాను పిల్లలకు పులిహోర బదులు తేప్లా. తక్కినదంతయు నదే.

అయితే ఒక భేదమున్నది. ఈ ప్రసంగమునకు కారణమైన భేదము.

కోస్తా జిల్లాలోని హైస్కూలు జట్టులో ఆరవ ఫారములోని పిల్లవాడు మేటిగా నుండెడివాడు. చిన్న తరగతులలో నేర్చినది పై తరగతులలో పండెడిది. సూరతు వంటి శ్రామిక నగరమున జట్టు సరిగా పండబోవు వేళకు చెదరుచున్నది. 14 ఏండ్లలోపు జట్టులో నిప్పురవ్వవలె ఆడిన బాలుడు 17 ఏండ్లలోపు జట్టులో కనబడడు. వాడెక్కడికి పోయెనని అడుగనక్కరలేదు. వాని అన్న పోయిన చోటికే వాడును పోయినాడు.

ఈ 14 అను అంకెను కొంచెము నిదానించి చూడవలెను. విద్యాహక్కు చట్టము 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దానిప్రకారము 6 మొదలు 14 ఏండ్లవరకు ఉచిత నిర్బంధ విద్య. 1986 నాటి బాలకార్మిక చట్టమును 2016లో సవరించి, 14 ఏండ్లు నిండనివారిని పనిలో పెట్టుకొనరాదనిరి. బడివేళ వెలుపల కుటుంబపు పనిలో చేయు సాయమును మాత్రము మినహాయించిరి. 14 దాటినవారికి అపాయకరమైన పనులు మాత్రమే నిషిద్ధము. పోటీలలో మొదటి శ్రేణి ముగియునదియు 14తోడనే. ప్రాథమిక బడి ముగియుటయు ఇంచుమించుగ నప్పుడే. మూడు వేరువేరు కచేరీలవారు వేరువేరు కారణములతో గీచిన గీతలు ఒకే బాలుని కాలియొద్ద ఒకదానిపై నొకటి పడినవి. నిర్బంధము తొలగినది, బడి మారినది, భాష మారినది, జట్టు ముగిసినది, పని యనుమతింపబడినది. ఇన్నియు నొక్క యేటనే. చట్టములు వ్రాసినవారిని తప్పుపట్టుటకు గాదు ఈ మాట. ఎక్కడనో ఒకచోట గీత గీయకతప్పదు. గీతకు ఆవల ఏమున్నదో చూచువారుండవలెను.

తండ్రిని దూషించుటయు సులభమే. మరమగ్గముల పని సాధారణముగ 12 గంటల పాళీ. ఒకటే గది. రాత్రి పాళీ చేసినవాడు పగలు నిద్రించును. అప్పుడు పిల్లలు బయట నుండవలెను. ఆటస్థలము వారికి విలాసము కాదు, ఇంటిలో లేని రెండవ గది. కాని ఆ తండ్రికే అద్దె కట్టవలసిన తేదీ వచ్చినప్పుడు, 15 ఏండ్ల కుమారుని చేతులలో ఆట గాక కూలి కనబడును. "ఆట కూడు పెట్టునా?" అని ఆయన అడుగును. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము చెప్పకుండ బాలుని దినమునకు రెండు గంటలు మైదానమునకు పంపుమనుట న్యాయము కాదు.

సమాధానము మన శాఖలయందే ఉన్నది. కేంద్ర ప్రభుత్వోద్యోగములలో క్రీడాకారుల నియామకమును గూర్చి 1980 ఆగస్టు 4వ తేదీన ఒక ఉత్తరువు వెలువడినది. తరువాతి మార్పులను చేర్చి 2013లో దానిని సమగ్రముగ మరల వెలువరించిరి. గ్రూపు 'సి' ప్రత్యక్ష నియామకములలో 5 శాతము మించకుండ ఇట్టివారిని తీసికొనవచ్చును. అర్హులలో అంతర్జాతీయ క్రీడాకారులు, విశ్వవిద్యాలయ జట్లవారు మాత్రమే గాదు. పాఠశాల క్రీడల సమాఖ్య జరుపు జాతీయ పోటీలలో తమ రాష్ట్ర పాఠశాలల జట్టు తరఫున ఆడినవారును కలరు. కబడ్డీ, ఖోఖో రెండును ఆ జాబితాలో నున్నవి. అనగా మగ్గము నడుపు తండ్రి అడిగిన ప్రశ్నకు ప్రభుత్వము ఒక జవాబు వ్రాసియే ఉంచినది. ఆ కాగితము భేస్తానులోని ఆ యింటికి చేరలేదు, అంతే. జిల్లాలో గెలిచిన పత్రము చాలదు. రాష్ట్ర జట్టులో చేరి జాతీయ పోటీలో ఆడిన పత్రమే కావలెను. 14లోపు ఆటకు వచ్చి, ఆ పై శ్రేణులకు నిలువనివానికి ఆ అవకాశము పలుచనగును. ఇది గాక, ఈ ద్వారము ఇరుకైనదని కూడ తండ్రికి చెప్పవలెను. పోయినవారందరును ఉద్యోగస్థులగుదురని ఆశచూపుట మోసము. కాని 10వ తరగతి పూర్తిచేయుటకు ఆట ఒక కారణమైనచో, ఆ చదువు ఏ యుత్తరువు లేకున్నను వానికి మిగులును.

జట్టు చెదరుట ఎంత తేలికయో లెక్కవేసి చూచినగాని తెలియదు. కబడ్డీలో బరిలో నిలుచువారు 7గురు. ఖోఖోలో వెంబడించు పక్షమున 8మంది చతురములలో కూర్చుందురు, ఒకడు పరుగెత్తును; వెరసి 9మంది. 12మందితో బయలుదేరిన జట్టులో ముగ్గురు పనికి పోయి, ఒకడు జ్వరపడెనన్న ఖోఖో జట్టు మైదానమునకు పోనక్కరలేదు. మనవారివలన నొక ప్రత్యేకమైన చిక్కు కూడ కలదు. గుజరాతు బడులకు దీర్ఘమైన సెలవులు దీపావళికి. తెలంగాణపు ఇండ్లవారికి ప్రాణము దసరా, బతుకమ్మ. పోటీలు ఆ దినములలో పడినచో, జట్టులోని తెలుగు పిల్లలు సికింద్రాబాదు బండిలో నుందురు. బతుకమ్మను మానుమని ఎవరును చెప్పజాలరు. కాని పోటీ తేదీలు ముందుగ తెలిసిన తల్లి టిక్కెట్టు రెండు దినములు వెనుకకు జరుపుకొనగలదు. తెలియజేయు కాగితము ఆమె చదువలేని భాషలో నున్నచో జరుపుకొనలేదు.

పేర్ల చిక్కు అంతకంటె పెద్దది. మనకు ఇంటిపేరు ముందు, అదియు తరచు ఒక్క అక్షరముగ. గుజరాతు రిజిస్టరులో విద్యార్థి పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు మూడును పూర్తిగ నుండవలెను. తెలంగాణములో పుట్టిన పిల్లవాని జననపత్రములో నొకవిధముగ, ఆధారులో మరియొకవిధముగ, బడి రిజిస్టరులో మూడవవిధముగ పేరు పడును. ఒకచోట తండ్రి పేరే ఇంటిపేరై కూర్చుండును. తరగతిలో దీనివలన బాధలేదు. పోటీయందు వయస్సు నిర్ణయించునప్పుడు ఎదుటి జట్టువారు అభ్యంతరము చెప్పిన క్షణమున బాధ మొదలగును. కూతకు పోయి ముగ్గురిని తాకి తిరిగి రాగలవాడు ఒక దీర్ఘముతేడాచేత గీత బయట కూర్చుండును. సచివాలయములలో జీవితము గడుపుచున్న మనకు ఇది అరగంట పని. అఫిడవిటు ఎచ్చట చేయవలెనో, ఏ దరఖాస్తునకు ఏ జత కావలెనో మనకు కంఠపాఠము. మగ్గమువానికి అది మూడు దినముల కూలి.

ఇక బాలికల మాట. ఇచ్చట తల్లులు అధికముగ నున్నారు గనుక దీనిని తొందరగ దాటరాదు. బాలురను జట్టునుండి కూలి తీసికొనిపోవును. బాలికలను భయము తీసికొనిపోవును. పోటీ పొరుగు తాలూకాలో. తిరిగి వచ్చుసరికి చీకటి. వెంట ఆడ ఉపాధ్యాయిని ఉన్నదా? ఈ ప్రశ్నకు "ఉన్నది" అని చెప్పగల బడిలో బాలికల జట్టున్నది. చెప్పలేని బడిలో లేదు. నిక్కరు ధరించుటను గూర్చిన గొణుగుడు రెండవది. దానిని పొడవైన ట్రాకు ప్యాంటులు చాలవరకు తీర్చినవి.

దక్షిణ గుజరాతులోనే, సూరతునకు తూర్పుగా, డాంగ్ జిల్లా కొండలలో బిలియాంబా అను గిరిజన గ్రామమున్నది. అచ్చటి బడిపిల్లలు ఖోఖోకు పేరుపడినవారు. ఆ యూరి బాలిక ఓపినా భిలార్ 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచ కప్పులో గెలిచిన భారత మహిళల జట్టులో నుండెను. అదే జిల్లాకు చెందిన సరితా గాయక్వాడ్ మొదట ఖోఖో ఆడి, పిదప పరుగునకు మారి, 2018 జకార్తా ఆసియా క్రీడలలో 400 మీటర్లు నలుగురు పరుగెత్తు రిలేలో స్వర్ణపతకము గెలిచిన జట్టులో నిలిచెను. కొండలలో రెండు కొయ్యస్తంభములు, కొంత చదునునేల మాత్రమే వారికి సాధనములు. ఢిల్లీ కప్పులో పురుషుల జట్టును గెలిచినది. అందు ఆంధ్రప్రదేశ్‌నకు చెందిన పోతిరెడ్డి శివారెడ్డి కలడు. ఖోఖోకును మనకును బంధుత్వము పాతదే. 1914లో పూనాలోని దక్కన్ జింఖానా దీనికి నియమములు కూర్చగా, మొదటి అఖిల భారత ఖోఖో పోటీలు 1959-60లో మన విజయవాడలోనే జరిగినవి. పిల్లలలో మేటికి ఈ ఆటవారిచ్చు బహుమతుల పేర్లు గూడ ముచ్చటైనవి: బాలురకు వీర అభిమన్యు, బాలికలకు జానకి. పద్మవ్యూహము నుండి వెలువడుట తెలియనివాని పేరు తప్పించుకొను ఆటకు పెట్టిన పెద్దల చమత్కారము పరిశీలింపదగినది.

మైదానమును గూర్చి ఒక్క మాట. బాలబాలికల కబడ్డీ బరికి ఎక్కువ స్థలము అక్కరలేదు. ఇరుకైన బడికిని అది దొరకును. కాని పై పోటీలు ఇప్పుడు మెత్తని చాపలమీద జరుగుచున్నవి. మట్టిలో వట్టికాళ్ళతో నేర్చిన బాలుడు మొదటిసారి చాపమీద బూట్లతో నిలిచి, మలుపు తిరుగబోయి జారిపడును. ప్రేక్షకులు నవ్వుదురు. వాడు జారినది ఆట రాక గాదు, ఆ చాప చూడక. నెలకొకసారియైన చాప ఉన్నచోటికి తీసికొనిపోవువాడుండిన ఆ పడుట తప్పును.

తీసికొనిపోవువాడు సాధారణముగ డ్రిల్లు మాష్టరే. పాఠశాలలో ఆయన స్థానము మనకందరకు తెలిసినదే: పరీక్షల వేళ గంటకొట్టుట, సభల వేళ కుర్చీలు వేయించుట. హైదరాబాదు బడులలో ఉపాధ్యాయుడుగా నుండిన సయ్యద్ అబ్దుల్ రహీం 1950 మొదలు 1963లో మరణించువరకు భారత ఫుట్‌బాల్ జట్టునకు శిక్షకుడై, 1951లోను, 1962లోను ఆసియా క్రీడల స్వర్ణపతకములు తెప్పించెను. ఆయనపై 2024లో హిందీ చలనచిత్రము వచ్చినది. బడిపంతులుగా నున్నప్పుడు ఆయనచేత గూడ కుర్చీలు వేయించియే యుందురు.

జూన్ నెలలో బడులు తెరచిన వారమున, శ్రద్ధగల డ్రిల్లు మాష్టరు మొదట చేయు పని యొకటి కలదు. నిరుటి 14 ఏండ్లలోపు జట్టు జాబితాను బల్లమీద పెట్టుకొనును. ప్రక్కన 9వ తరగతి రిజిస్టరును పెట్టుకొనును. రెండింటను ఉన్న పేరునకు టిక్కు పెట్టును. టిక్కు పడని పేర్లకెదురుగ ఇంటి చిరునామా వ్రాసికొని, సాయంకాలము సైకిలుమీదనో స్కూటరుమీదనో బయలుదేరును. గుజరాతీ ఇంటిలో ఆయన తన మాట తాను చెప్పుకొనును. మరాఠీవారితో, హిందీవారితో ఏదో విధముగ నెగ్గుకొని వచ్చును. తెలుగింటి గడపయొద్ద మాత్రము, రాత్రి పాళీ చేసి అప్పుడే లేచిన తండ్రి యెదుట, ఆయనకు తోడుగ నొక మనిషి కావలసి యుండును.